కుస్కోలో దక్షిణం గుమ్మం

ప్రత్తిపాడు యలమందయ్య గారి వాస్తు మాట మీద ఊళ్లో వంటిళ్లు, మెట్లు, ఆఖరికి బావులు కూడా చోటు మారాయి. ఇప్పుడాయన కన్ను కూతురు మాధురి ఇంటి మీద పడింది. మంగళగిరిలో ఆమె ముచ్చటపడి కట్టుకున్న ఇంటికి దక్షిణం గుమ్మం ఉంది. మధ్యాహ్నపు ఎండ అటునుంచే వస్తుంది గనక అరిష్టమని, మూయించాలని ఆయన పట్టు.

జూన్‌లో ఇద్దరూ పెరూ యాత్రకు వెళ్లారు. కుస్కోలో పూర్వపు ఇంకా రాజుల సూర్యాలయం చూస్తుంటే, దానిమీద స్పెయిన్‌వాళ్లు కట్టిన చర్చి భూకంపానికి కూలినా కింది గుడి గోడలు నిలిచాయని గైడు చెప్పాడు.

వాస్తు ఎరగని గోడలే నిలిచాయనేసరికి మాధురికి ధైర్యం వచ్చింది. “నాన్నా, పైకి చూడు. ఇక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన ఉన్నాడు. ఇంక దక్షిణం చేసిన పాపమేంటి? నా గుమ్మం వదిలెయ్యరాదూ?”

ఆయన దిక్సూచి చూశారు, ఆకాశం చూశారు, కూలిన చర్చిని తలుచుకున్నారు.

“కూలదామ్మా మరి! ఇక్కడ సూర్యుడే వాస్తు ప్రకారం నడవట్లేదు. ఊరెళ్లగానే ముందు నీ గుమ్మం మూయిద్దాం.”