సాంబ్రాణి మసి

న్యూజిలాండ్ దక్షిణ కొసనున్న ఇన్వర్‌కార్గిల్లో మా తెలుగువాళ్లలో ఎవరి కంప్యూటర్ వేడెక్కినా విష్ణునే పిలుస్తారు. వాడు పాల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేస్తాడు. కంప్యూటర్ కోర్సు సగం చదివి మానేసినవాణ్ని నేను. వాడు ఆ సగమూ చదవలేదు. ఒక్కసారైనా జనం వాణ్ని కాదని నన్ను పిలవాలి.

కిరణ్మయి ఆంటీ కంప్యూటర్ పది నిమిషాలకే ఆగిపోతోందని తెలిసి, వాడికన్నా ముందే వెళ్లాను.

"ఫ్యాన్‌తో లాభం లేదాంటీ, లోపల నీళ్లు తిప్పి చల్లబరిచే వాటర్ కూలర్ వేద్దాం," అని మూతైనా తీయకుండా తేల్చేశాను. ఆవిడ అనుమానంగా విష్ణుకి ఫోన్ చేసింది.

వాడొచ్చి ప్రాసెసర్ మీది ఫ్యాన్ విప్పి, కింది రేకుల్ని వేలితో రాసి వాసన చూశాడు.

"ఆంటీ, పూజ ఈ బల్ల మీదేనా?"

"హీటర్ ఉన్నది ఈ గదిలోనే కదా బాబూ. చలికి దేవుణ్నీ ఇక్కడికే తెచ్చాను."

"అదీ సంగతి. సాంబ్రాణి పొగంతా ఫ్యాన్ లాగేసింది. మసి పట్టి గాలాడట్లేదు."

మసి దులిపి, ప్రాసెసర్‌కి వేడి లాగే పేస్టు కొత్తగా రాసి, ఫ్యాన్ బిగించాడు. దేవుణ్ని కిటికీ దగ్గరికి జరిపాడు. ఆంటీ వాడికి పులిహోర డబ్బా ఇచ్చింది.

"వారంలో మళ్లీ ఆగిపోతుంది, చూడండి," అన్నాను.

ఐదు వారాలైంది. ప్రతి ఆదివారం ఫోన్ చేసి అడుగుతున్నాను.

"చల్లగా ఉంది బాబూ, విష్ణు చెయ్యి మంచిది," అంటోంది.