మంచి ఏరియాలో బస

నాయనకు కంట్లో పొర వచ్చింది. ధర్మవరంలో బతుకంతా మగ్గం గుంతలో కూర్చున్న మనిషి. చూపు తగ్గినాక తెగిన పట్టుపోగును వేళ్ళతో తడుముకొని అతికేవాడు. బెంగళూరులో మార్కెట్టు పక్క ఆస్పత్రిలో ఆపరేషన్‌కు రమ్మన్నారు. యాడ దిగాలన్నదే తేలలేదు.

ఆస్పత్రి ఎదురు సందులో లాడ్జి చూసుకుందామనుకున్నాను. ఆ ఊర్లోనే కంప్యూటర్ ఉద్యోగం చేసే మా చిన్నాయన కొడుకు ఒప్పుకోలేదు.

"ఆ ఏరియాలో మర్యాదస్తులు ఉంటారా అక్కా? మా సైడు రండి, నీట్‌గా ఉంటుంది. రూమ్ నేను చూస్తా" అన్నాడు ఫోన్లో.

వాళ్ళింట్లో ఉండమని మాత్రం అనలేదు.

వాని సైడు వైట్‌ఫీల్డ్ అవతల. రైలు దిగి ఊరంతా దాటుకొని పోయినాము. అన్నీ అద్దాల మేడలు, చుట్టూ గోడలు, గోడల మీద ముళ్ళ తీగ. మేడలకు ఇంగ్లీషు పూల పేర్లు. మచ్చుకు ఒక్క పూలచెట్టు లేదు. టీ తాగాలన్నా ఫోన్లో తెప్పించుకోవాలంట.

మాకు రూము చూసిన మేడ గేటు కాపలావాడు నాయన పంచె, భుజం మీది టవలు, నా చేతిలోని సద్ది సంచి చూసి, "పనోళ్ళయితే వెనక గేటుకు పోండి" అన్నాడు కన్నడంలో. మాకు కన్నడం రాకపోయింటే బాగుండేది. అంతలో తమ్ముడు కారు దిగినాడు.

"ఎవరు సార్ వీళ్ళు?" అని కాపలావాడు అడిగితే, "ఊర్నించి వచ్చినోళ్ళు, లోపలికి వదులు" అన్నాడు.

చిన్నప్పుడు వాన్ని భుజాన ఎక్కించుకొని బడికి తీసకపోయిన మనిషి నాయన. పెదనాయన అనే మాట వాని నోట రాలేదు. నాయనకు చూపే మసక, చెవులు బాగానే ఉండాయి. ఆ రాత్రి సద్ది ముట్టలేదు.

పొద్దున్నే బయల్దేరినా దావలో మా బాడుగ కారు కదల్లేదు. చుట్టూ కారుకొక మనిషి, ఫోన్లోకి తలొంచుకొని కూర్చున్నాడు. దీన్ని వీళ్ళు మంచి బతుకంటారు! మేము చేరేసరికి ఆ పూట ఆపరేషన్లు మొదలైపోయినాయి. రేపు రమ్మన్నారు.

"ఆస్పత్రి ఈడ పెట్టుకొని ఆడ పండుకునేదెందుకమ్మా, వాని గొప్పకా?" అన్నాడు నాయన.

అప్పుడే ఎదురు సందులోకి పోయినాము. లాడ్జి నడిపే సాయిబుది కదిరి. "మెట్లు పైలం పెద్దాయనా" అని నాయన చెయ్యి పట్టుకొని పైకి తీసకపోయినాడు. గోడలు పెచ్చులూడినాయి, కింద ఉల్లిగడ్డల బండ్ల గోల. స్వర్గమని నేననను. నాయన మాత్రం కడుపునిండా తిని నిద్రపోయినాడు.

మరుసటి దినం ఆపరేషన్ అయింది. సాయంత్రం తమ్ముడు లాడ్జికి వచ్చి, ముక్కుకు కర్చీఫు అడ్డం పెట్టుకొని వాకిట్లోనే నిలబడినాడు. కంటికి కట్టుతో ఉన్న నాయన మంచం మీద జరిగి, "కూర్చోరా" అన్నాడు.

"పర్వాలేదు పెదనాయనా, కారు రోడ్డు మీదుండాది."

వినేవాళ్ళెవరూ లేరు కాబట్టి ఈడ పెదనాయన అయినాడు.

"పోప్పా, మీ సైడు వాళ్ళెవరైనా చూస్తే నీకు నామర్దా" అన్నాను. మొహం మాడ్చుకొని దిగిపోయినాడు.

"ఎందుకే అంత మాటన్నావు?" అన్నాడు నాయన.

"ఇంకా తక్కువే అన్నా నాయనా."

నాయనకు చూపు బాగైంది. పోయిన ఏడు తమ్ముడు ఇంకా దూరాన, ఇంకా పెద్ద గోడల మధ్య ఇల్లు కొని గృహప్రవేశానికి పిలిచినాడు. నాయన కొత్త పంచె కట్టుకొని పోయొచ్చినాడు. ఆయన మంచితనం ఆయనది. నాకంత లేదు, నేను పోలేదు.