క్వార్టరు కోసం నా గర్జన

చమురు డబ్బు పొంగిపొర్లుతున్న రోజుల్లో నేను దోహాలో, చెవులు వినపడని పిల్లల సర్కారు బడిలో టీచరుగా ఉండేవాణ్ణి. జీతం కాక ఫ్యామిలీ క్వార్టరు, మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఏటా విమానం టిక్కెట్టు. మన మంత్రులకు కూడా అంత భోగం లేదు! సరే, మంత్రుల మాట కోతే. ఉన్నవి రెండు గదులు.

ఒకరోజు బయటి దేశాల టీచర్లకు ఫ్యామిలీ సౌకర్యాలన్నీ రద్దన్నారు. సొంతంగా అద్దె కట్టుకునే జీతం కాదు నాది. అంటే కొత్తగా కాపురానికొచ్చిన మా ఆవిడ శారద ఇండియాకి వెళ్ళిపోవాల్సిందే.

నేను హెడ్మాస్టరు గదిలోకి దూసుకెళ్ళి బల్ల గుద్దాను. ఆయన గడగడ వణికాడు.

వరండాలో ఎదురుచూస్తున్న శారదతో, "ఇరగదీశాననుకో!" అన్నాను.

అద్దాల తలుపులోంచి అంతా చూసిన నా క్లాసు కుర్రాడు సాలెం, సంబరంగా ఆవిడకు అభినయించి చూపించాడు. వంగిన నడుము, జోడించిన చేతులు, అడ్డంగా ఊగిన హెడ్మాస్టరు తల. మీకు పైన రాసింది అబద్ధం. జరిగింది వాడు చూపించిందే.

"ఏమంటున్నాడండీ?"

"మీ ఆయన సింహం అంటున్నాడు."

"దణ్ణం పెట్టడం నాకూ తెలుసులెండి," అంది శారద. "నా టిక్కెట్టన్నా వాళ్ళే కొంటారా?" అని అడిగింది.

"మాఫీ," అన్నాను. అరబ్బీలో లేదు అని. అదే మాట తెలుగులో చెప్పడానికి నోరు రాలేదు.

తర్వాత ఎన్నో కోతలు కోశాను గానీ, ఆ 'మాఫీ' అన్న ఒక్క మాటకు గొప్పగా కలిపి చెప్పడానికి ఇప్పటికీ నాకేమీ దొరకదు.