రెండు చెవుల్లోనూ పెట్టుకున్న రోజు

నా గొంతు చిన్నప్పటి నుంచీ ఇంతే, బొంగురు. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళంతా పాడుతుంటే నన్ను వెనక వరుసలోకి తోసేవాళ్ళు. పాడడం రాలేదు గాని వినడమంటే నాకు ప్రాణం. మా ఆయన డోలు కొట్టేవాడు. చుట్టుపక్కల ఏ ఊళ్ళో పెళ్ళయినా ఆయనకే పిలుపు వచ్చేది. ఆయన పోయి మూడేళ్ళయింది. ఆయన దెబ్బ ఎవరి ఫోన్లోనూ లేదు, అడిగి చూశాను. మా కూతురు అత్తగారింటికి పోతూ తన పాత ఫోను నాకిచ్చింది. అందులో కార్డు వేయించి పెళ్ళిపాటలు, డోలు, వాయిద్యం లేకుండా ఒట్టి ఆడగొంతులు పాడిన పాటలు ఎక్కించింది. ఎవరు పాడారో, ఎవరు కొట్టారో నాకు తెలియదు. అయినా వినేదాన్ని.

వింటే ఇంట్లో గొడవ. మా బావగారిదీ నాదీ ఒకటే వాకిలి, నడుమ తడక. అత్త వాళ్ళ వైపు ఉంటుంది.

"మొగడు పోయినదానికి పొద్దుమాపు పెండ్లిపాటలేందే? ఊరోళ్ళు ఇంటే ఏమనుకుంటరు?" అనేది తడక అవతల నుంచి.

సౌండు తగ్గిస్తే డోలు పోయి దోమ రొద మిగిలేది. ఇక లాభం లేదని, అడ్డాకులతో విస్తర్లు కుట్టగా వచ్చిన డబ్బులో ఎనిమిది వందలు పక్కన పెట్టుకుని, చెవుల్లో పెట్టుకునేది కొనాలని భద్రాచలం పోయాను. మాది దుమ్ముగూడెం అవతల, అడవి అంచున ఊరు. పొద్దున బస్సెక్కితే ఎండెక్కేసరికి చేరతాం. తోడుగా మా తోటికోడలు వచ్చింది, అంటే మా బావగారి భార్య. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. నేను అక్కా అంటాను. ఆమె నన్ను పిల్లా అంటుంది, నాకు మనవడు పుట్టాక కూడా.

బస్టాండు ఎదురుగా ఫోన్ల దుకాణం. దుకాణమాయన తల నెరిసిన మనిషి. ఏం కావాలమ్మా అని అడిగి, ఊరికే ఒకటి చేతిలో పెట్టకుండా ఇంకో మాట అడిగాడు.

"నువ్వు ఏం ఇంటవమ్మా?"

నేనేం వింటానో ఎవరూ అడగలేదు అప్పటిదాకా.

"డోలు. ఆడోళ్ళ పాటలు. డోలు గట్టిగ కొడితే కడుపుల కొట్టినట్టుండాలె. పాటల మాట ఇడమర్చి ఇనబడాలె."

ఆయన నవ్వలేదు. "అయితే నీకు బాగ తెలిసిన పాట పెట్టు. తెల్వని పాటతోని మంచిచెడు తెల్వది" అన్నాడు.

మొదట నూట యాభై రూపాయల తీగది ఇచ్చాడు. డబ్బా అడుగున కర్రతో కొట్టినట్టు వినపడింది. రెండోది చెవులను మొత్తం మూసే పెద్దది. ఎంత బాగుందో చెప్పలేను, డోలు తోలు బిగిసిందో సడలిందో కూడా తెలిసింది. కాని ధర నా చేతికి అందదు, పైగా అది కొప్పు మీద కూర్చోదు. వంగి చూడమన్నాడు ఆయన. వంగగానే జారి ముక్కు మీద పడింది. తోటికోడలు గుమ్మంలో నిలబడి పకపకా నవ్వింది.

"ఎద్దుకు చిక్కం కట్టినట్టున్నది పిల్లా!"

మూడోది చిన్న డబ్బీలో రెండు గింజల్లాంటివి. తీగే లేదు. ఆకుల్లో పడితే ఎవరు వెతుకుతారు? అది వద్దన్నాను. నాలుగోది మెడలో వేసుకునేది. మెడ చుట్టూ పట్టీ, రెండు వైపులా చెవి ముక్కలు వేలాడుతుంటాయి. వాటికి రబ్బరు టోపీలు పెద్దవి, నడిమివి, చిన్నవి అని మూడు రకాలు. నడిమివి కుదరలేదు. చిన్నవి తొడిగి చెవిలో తిప్పి పెట్టాడు. అంతే, బస్టాండు మాయమైంది. హారన్లు లేవు, పల్లీలమ్మే అరుపులు లేవు. డోలు ఒక్కటే ఉంది. అది నా ఛాతీలో మోగింది.

ఎవరో భుజం గట్టిగా తట్టారు. చూస్తే తోటికోడలు. నోరు కదులుతోంది. చెవి ముక్క లాగాను.

"బస్సు పోతదని మూడుసార్లు చెప్పిన! ఇనబడలేదా?"

"లే అక్కా."

"అయితే అత్త తిట్లు గూడ ఇనబడయి. నాకూ ఒకటి కొనియ్యి."

దుకాణమాయన ఆమె మాట విని నా వైపు చూశాడు. "ఇది బయటి చప్పుడు ఆపుతదమ్మా. రోడ్డు మీద, పని కాడ పెట్టుకునేదుంటే ఇది వద్దు, ఇంకోటి చూపిస్త. ఎక్కడ ఇంటవు?"

"ఇంట్లనే" అన్నాను.

అబద్ధం. ఇంట్లో నేను ఉండేది ఎంతసేపని? వచ్చేది ఇప్పపువ్వు కాలం, తెల్లవారకముందే అడవిలో ఉంటాం. కాని నిజం చెబితే ఆ డోలు నాకు ఇవ్వడేమోనని భయమేసింది. తొమ్మిది వందల యాభై అన్నదాన్ని ఎనిమిది వందలకు బేరమాడి మెడలో వేసుకుని బస్సెక్కాను. ధర చూశాను, చప్పుడు చూశాను, చెవికి కుదిరిందా అని చూశాను. ఎక్కడ వింటానన్న మాట ఒక్కటీ దాచాను.

ఇప్పపువ్వు ఏరడం గురించి తెలియనివాళ్ళకు చెప్పాలి. పువ్వు తెల్లవారుజామున రాలుతుంది. ఎండెక్కితే వాడిపోతుంది, లేకపోతే పశువులు తింటాయి. ఎలుగుబంటికి కూడా ఆ పువ్వంటే చచ్చేంత ఇష్టం. ఎవరి చెట్లు వాళ్ళకుంటాయి, దూరదూరంగా. అందుకని మా ఊరి ఆడవాళ్ళు ఇద్దరిద్దరు జోడు కడతారు. బుట్ట అడుగు కప్పేంత పువ్వు ఏరగానే ఒకతె కూత పెడుతుంది, జోడుమనిషి పలకాలి. రెండు కూతలకు పలకకపోతే పని వదిలేసి వెతకడానికి పోవాలి. ఎంత పువ్వు ఉన్నా సరే, ఎంత కోపంలో ఉన్నా సరే. కూత పెట్టడానికి నా బొంగురు గొంతు బాగా పనికొచ్చేది, వాగు దాకా వినపడేది. నా జోడు మా తోటికోడలే, నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ.

మొదటి నాలుగు రోజులు ఒక చెవిలోనే పెట్టుకున్నాను. రెండోది మెడ మీద వేలాడేది. ఆమె కూత వినపడేది, నేను పలికేదాన్ని. ఒక చెవిలో డోలు సగమే. అన్నంలో ఉప్పు మరిచినట్టు ఉండేది.

అయిదో రోజు పువ్వు విరగరాలింది. నేల కనపడలేదు. ఆమె చెట్లు ఎడమ పక్క, నడుమ వెదురు పొద. మొదటి కూతకు పలికాను. ఇంకో కూత వేళయ్యేదాకా ఏం కాదులే అనుకుని రెండోది కూడా చెవిలోకి నొక్కాను.

చేతులు వాటంతట అవే ఏరుతున్నాయి. ఒక పాట అయిపోయింది, ఇంకోటి మొదలైంది. ఎన్ని పాటలు అయ్యాయో లెక్క లేదు. నడుము పట్టేసి నిలబడ్డాను.

తోటికోడలు నాకు ముప్ఫై అడుగుల దూరంలో ఉంది. వెదురు పొద ఇవతలికి వచ్చి, ఒక చెట్టుకు వీపు ఆనించి నిలబడింది. చీర కుచ్చిళ్ళు ఊడిపోయాయి. నోరు పెద్దగా తెరిచి ఏదో అంటోంది, చేయి ఊపుతోంది. నా చెవుల్లో డోలు జోరందుకుంది. ఆమె తిడుతోంది అనుకున్నాను, బస్టాండులో తిట్టినట్టు. నేను నవ్వాను. నవ్వి, వస్తున్నానని చేయి ఊపాను.

అప్పుడు పొద కదిలింది. నల్లగా, వెంట్రుకలతో, తల దించుకుని అది బయటికి వచ్చింది. రెండు కాళ్ళ మీద లేచింది. ఆమె కింద పడడం చూశాను. అంతసేపూ డోలు మోగుతూనే ఉంది.

చెవుల నుంచి అవి ఎప్పుడు పీకానో గుర్తులేదు. పీకగానే ఆమె అరుపు ఒక్కసారిగా నా మీద పడింది. నేను అరిచాను. బుట్ట విసిరాను, చేతికందిన కర్ర తీసుకుని చెట్టు మొదలును బాదుతూ మీదికి పోయాను. అటు నుంచి ఇటు నుంచి ఆడవాళ్ళు కేకలు వేస్తూ ఉరికి వచ్చారు. ఇంత మందిని చూసి అది వాగు వైపు పోయింది. ఆమె ఎడమ చేయి మోచేయి నుంచి భుజం దాకా ఎర్రగా ఉంది. ఎముక ఎటు తిరిగిందో చూడలేకపోయాను.

చీరలు ముడేసి మోసుకుని రోడ్డు దాకా తెచ్చాం, అక్కడి నుంచి ఆటోలో భద్రాచలం దవాఖానాకు. దారంతా ఆమె తల నా ఒళ్ళో ఉంది. ఆ పట్టీ నా మెడలోనే ఉంది. చెవి ముక్కలు ఆమె నుదుటికి తగులుతుంటే రవికలోకి దోపుకున్నాను.

లోపలికి తీసుకుపోయాక వరండాలో కూర్చున్నాం. మాలో పెద్దది ఒక అవ్వ ఉంది, ఆమె చెట్లు మా చెట్లకు ఆనుకునే ఉంటాయి. మెల్లగా అడిగింది.

"రెండుసార్లు కూత పెట్టింది. నేనిన్న. నువ్వు పలకలే. నిన్ను ఎతుక్కుంటనే ఇటొచ్చింది. ఏమైంది?"

అందరూ నన్నే చూశారు.

"గొంతు పట్టుకపోయింది అవ్వా. పలికిన గని బయటికి రాలే."

"నీ గొంతెప్పుడూ గంతేనాయె" అంది ఒకామె జాలిగా. నీళ్ళు తాగమని సీసా ఇచ్చింది.

చేయి తీసేయాల్సి వస్తుందేమో మరునాడు చెబుతామన్నారు డాక్టర్లు. ఆ మరునాడు దాకా నేను మనిషిని కాను. బావగారు గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాడు. ఆయనకు ఏం తెలుసో ఏం తెలియదో నాకు తెలియదు. మధ్యాహ్నానికి చేయి ఉంటుందన్నారు. పైకి లేస్తుందో లేదో మాత్రం ఇప్పుడే చెప్పలేమన్నారు. నన్ను లోపలికి పోనిచ్చారు.

ఆమె కళ్ళు తెరిచే ఉంది.

"నవ్వినవు గదనే."

"అక్కా..."

"అది నా ఎనక ఉన్నది. నీకు చెప్పాలె, నువ్వు ఉరకాలె అని అరుస్తున్న. నువ్వు నవ్వినవు."

"ఇనబడలే అక్కా. రెండు చెవులల్ల పెట్టుకున్న."

"తెలుసు. ఏం పాట?"

"పాట గాదు. పెండ్లి డోలు."

"మా మరిది కొట్టిందా?"

"కాదు. ఎవలో కొట్టింది."

ఆమె కళ్ళు మూసుకుంది. "ఎవలో కొట్టిందానికా" అంది. ఆ మాట నన్ను కోసినట్టు ఆ ఎలుగు గోళ్ళు కూడా కోసేవి కావు.

తర్వాత కళ్ళు తెరవకుండానే అడిగింది. "బయట మంది అడగలేదా, ఎందుకు పలకలే అని?"

"అడిగిండ్రు. గొంతు పోయిందని చెప్పిన."

"మంచిగ చెప్పినవ్. నేనూ గదే చెప్త. నిజం తెలిస్తే నిన్ను ఎవ్వలూ జోడు పెట్టుకోరు. జోడు లేకుంటే అడవికి ఎట్ల పోతవ్, ఏం తింటవ్? నోరు మూసుకొని ఉండు."

చేయి పోగొట్టుకునేంత పనైన మనిషి నా తిండి గురించి ఆలోచిస్తోంది. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. బయటికి వచ్చాను. వరండాలో అవ్వ, ఇంకో నలుగురు ఆడవాళ్ళు సద్దిమూటలు విప్పుకుంటున్నారు. రవికలోంచి ఆ పట్టీ తీసి వాళ్ళ ముందు నేల మీద పెట్టాను.

"గొంతు పోలేదు. గివి పెట్టుకున్న. రెండు చెవులల్ల. అందుకే పలకలే."

ఎవరూ అన్నం ముట్టలేదు. నిన్న నీళ్ళిచ్చిన ఆమె లేచి ఇంకో పక్క పోయి కూర్చుంది. ఒకామె ఆ పట్టీని కాలితో ముట్టుకుని చూసి, "గింత దానికా" అంది. అవ్వ మాత్రం దాని వైపు చూడలేదు, నన్నే చూసింది.

"నిన్ననే చెప్పకపోతివి?"

"బయమైంది."

"మాకు గాదా బయం? పొద్దుగాల పొద్దుగాల చీకట్ల పోతున్నమంటే ఏం చూసుకొని పోతున్నం? ఒకామె పలుకుతదని. నువ్వు పలుకుతవో పలకవో అన్న అనుమానం వస్తే నీతోటి ఎట్ల వస్తరు?" అంది. "ఈ ఏడు నీతోని ఎవ్వలూ రారు. వచ్చే ఏటి సంగతి మేం చెప్పం. ఆమె చెయ్యి లేసినంక ఆమెనే అడుగు."

సరే అన్నాను. పట్టీ తీసుకుని లోపలికి పోయాను.

మంచం కిటికీ పక్కనే ఉంది. అంతా విన్నది. ముఖం గోడ వైపు తిప్పుకుంది. కాళ్ళ దగ్గర నిలబడ్డాను. ఏడుస్తోందో, కోపంలో ఉందో తెలియలేదు.

"చెప్పొద్దంటి గదా" అంది గోడతోనే.

"ఉండబుద్ధి గాలే అక్కా."

"నీకు ఉండబుద్ధి గాలే. నీ కడుపుల బరువు దిగింది. మరి నాకు?" తల ఇటు తిప్పింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "చెయ్యి లేస్తే నేను అడవికి పోవద్దా? పాతికేండ్ల సంది నీ గొంతు ఇనుకుంట ఏరుకున్న. ఇప్పుడు కొత్తామె గొంతుకు నేను అలవాటు పడాల్నా?"

నేను మంచం పక్కన కింద కూర్చున్నాను. ఆమె మంచి చేయి వచ్చి నా కొప్పు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది, నొప్పి పుట్టేలా. పట్టు వదలలేదు. నేనూ వదిలించుకోలేదు.