మిల్లీమీటరమ్మ తప్పిన కొలత

ఆసుపత్రిలో అందరూ ఆమెను మిల్లీమీటరమ్మ అనే పిలుస్తారు. ముఖం మీద కత్తి పడకముందే ఆ ముఖాన్ని కంప్యూటర్లో కొలిచి, ఎముక ఎక్కడ కొయ్యాలో, ఎంత జరపాలో పెద్దడాక్టరుకు లెక్క చెప్పడం ఆమె ఉద్యోగం. పద్దెనిమిదేళ్లుగా అదే కిటికీ లేని గది, ఏసీ చలికి అదే శాలువా, తెర మీద గిరగిరా తిరిగే బూడిదరంగు తలలు. కంటి కొసన ఒక చుక్క, ముక్కు మొదట్లో ఒకటి, గడ్డం చివర ఒకటి. చుక్కలు పెట్టీ పెట్టీ మెడ పట్టేసింది, చూపు మసకబారింది. ఇంటికి పోతే మొగుడి ఎడమ చెవి కుడిదానికంటే కిందికుందని తప్ప ఇంకేమీ తోచడం లేదని చెప్పి నర్సులను నవ్వించేది. ఈమధ్య నవ్వించే ఓపిక కూడా పోయింది.

ఆ మధ్యాహ్నం టీ కోసం బయటికొచ్చింది. వరండా చివర, కుళాయి దగ్గర, బట్టలు కుట్టే పిల్ల నిలబడి ఉంది. దవడ ఎడమకు పెరిగిన ఆ పిల్లకు మర్నాడు పొద్దున్నే ఆపరేషన్. గడ్డాన్ని మూడు మిల్లీమీటర్లు కుడికి జరపాలని మిల్లీమీటరమ్మే లెక్క కట్టింది. దాని ప్రకారం ఎముక మీద ఆనించి కొయ్యడానికి అచ్చులు కూడా తయారై వచ్చేశాయి.

ఎవరూ చూడటం లేదనుకుని ఆ పిల్ల మెడ నిమురుకుంటూ తల నిటారుగా చేసింది. గడ్డం బాగా పక్కకు పోయింది. అడుగుల చప్పుడు వినగానే తల ఒరిగింది, గడ్డం మళ్లీ దాదాపు మధ్యకు వచ్చింది.

మిల్లీమీటరమ్మ టీ సంగతి మరిచి అక్కడే ఆగిపోయింది. కెమెరా ముందు మనిషి నిలబడ్డ తీరునే నిటారుగా తీసుకుని కొలవడం ఆమె పద్ధతి. నూటికి తొంభైతొమ్మిది మందికి సరిపోతుంది. ఈ పిల్ల వంకర దాచుకోవడానికి ఏళ్ల తరబడి తల ఒరగేసుకునే బతికింది, యంత్రాన్నీ బోల్తా కొట్టించింది. చెవులు రెండూ ఒకే ఎత్తులో లేవని తెర చెబుతూనే ఉన్నా, అలసట మీద ఆమె పట్టించుకోలేదు. గదిలోకి పోయి, తెర మీది తలను చెవులు సమంగా వచ్చేదాకా తిప్పి మళ్లీ కొలిచింది. మూడు కాదు, ఆరు.

"మీ లెక్క తప్పడమా?" అన్నాడు పెద్దడాక్టరు.

"తప్పింది సార్. రేపు కోస్తే ఆ దవడ సగం వంకరతోనే అతుక్కుపోతుంది."

ఆయన కళ్లజోడు తీసి ముఖం రుద్దుకున్నాడు. "వాయిదా వేద్దాం. ఆ అమ్మాయికి మాత్రం మీరే చెప్పండి."

పిల్ల తిడుతుందనుకుంది. పడటానికి సిద్ధపడే వెళ్లింది.

"తప్పు నాదమ్మా. నువ్వు తల ఒరగేసి నిలబడ్డావని చూసుకోలేదు."

"మా అమ్మకే తెలీదండీ అది," అంది ఆ పిల్ల నెమ్మదిగా. "చిన్నప్పుడు అద్దం ముందు నేర్చుకున్నాను."

"మళ్లీ ఫొటో తియ్యాలి. ఈసారి తల నిటారుగా పెట్టాలి."

పిల్ల కెమెరా ముందు నిలబడింది. తల సగం లేచి మళ్లీ ఒరిగిపోయింది.

"తలుపు వేస్తారా?"

వేసింది.

"మీరు అటు తిరుగుతారా?"

"చూడకపోతే కొలవలేనమ్మా."

పిల్ల కళ్లు గట్టిగా మూసుకుని తల ఎత్తింది. గడ్డం పోవలసినంతా పక్కకు పోయింది. ఆ పిల్ల ఇష్టపడి అసలు ముఖం చూపించిన మొదటి మనిషి తనేనని మిల్లీమీటరమ్మకు తోచింది. "అలాగే ఉండు తల్లీ," అంది గానీ, బటన్ నొక్కడానికి చాలాసేపు చెయ్యి రాలేదు.