కరపత్రం వెనక నేను వేసిన ముద్ర

మీ అందరికీ ప్రభువు పేరట వందనాలు. సహోదరులారా, సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎక్కువగా జబ్బు సంగతో తాగుడు సంగతో చెప్తారు, నాకు ఆ రెండూ లేవు, నా చీకటి అంతా కోపం, అదీ ఒక మనిషి మీద కాదు, ఫోనులో కనబడే ఒక వేలం సైటు మీద! నవ్వకండి. నాలుగేళ్ళు ఆ సైటు నా ప్రాణం తీసింది, ఆ కోపంలో నేను ఇంట్లోవాళ్ళ ప్రాణం తీశాను, కూరలో ఉప్పు సరిగ్గా ఉన్నా ఎక్కువైందని కసిరాను, ఆదివారం మందిరంలో అందరూ చప్పట్లు కొట్టి పాడుతుంటే నేను ఫోను ఒళ్ళో పెట్టుకుని ఎవరైనా ధర పెంచారా అని చూసుకున్నాను.

నా పేరు జకర్యా, మాది ఇస్నాపూర్. పాశమైలారంలో ఒక రంగుల ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు ఎలక్ట్రీషియన్‌గా చేశాను, అది మూతపడ్డాక ఇంటి ముందే రేకుల షెడ్డు వేసుకుని మోటార్ వైండింగ్ పని పెట్టాను. కాలిపోయిన మోటార్లను తుక్కు దుకాణంలో కొని, పాత తీగ పీకేసి కొత్త రాగి తీగ చుట్టి, బేరింగులు మార్చి, రంగు వేసి అమ్మడం నా పని. ఈ చుట్టుపక్కల అదే పని చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఇక్కడ బేరాలు తక్కువ, వేలం సైటులో పెడితే ఏ ఊరివాళ్ళయినా పాడుకుంటారని ఎవరో చెప్తే పెట్టాను. మొదటి మోటారుకు మంచి ధర పలికింది, ఆ రోజు షెడ్డులోనే మోకరించి స్తోత్రం చెప్పాను. సైటు సంగతి ఆ తర్వాత తెలిసింది!

వస్తువు పెట్టడానికి రుసుము, అమ్ముడుపోకపోతే మళ్ళీ పెట్టడానికి మళ్ళీ రుసుము, అమ్ముడుపోతే ధరలో కమీషన్, సరే వాళ్ళూ బతకాలి కదా అనుకున్నాను, కానీ రవాణా ఖర్చు మీద కూడా కమీషన్ ఏమిటి సహోదరులారా? ఆ డబ్బు నాది కాదు, పార్సిల్ లారీవాడిది! నా డబ్బు నా బ్యాంకుకు పంపినందుకు ఇంకో కోత, మోటారు పై వరుసలో కనబడాలంటే మరొకటి. పాడుకున్నవాడు డబ్బు కట్టకుండా మాయమైతే ఆ కమీషన్ తిరిగి ఇమ్మనడానికి ఒక ఫారం, ఆ ఫారానికి ఒక గడువు, గడువు దాటితే అంతే సంగతులు. మోటారు ఎత్తి నడుము విరగ్గొట్టుకునేది నేను, వార్నిషు వాసన పీల్చేది నేను, కానీ తినేటప్పుడు మాత్రం ముందు కూర్చునేది వాళ్ళు!

ఇక ఆంక్షల సంగతి చెప్తే మీకూ ఒళ్ళు మండుతుంది. ఫోటోలో వెనక అంతా తెల్లగా ఉండాలన్నారు, నా భార్య మార్త పెళ్ళినాటి తెల్ల చీరను షెడ్డులో కట్టి దాని ముందు మోటారు పెట్టి ఫోటో తీశాను, చీర అంచు కనబడుతోందని తిప్పికొట్టారు. కెమికల్ పంపుకు వాడే మోటారు అని రాస్తే, నేను కెమికల్స్ అమ్ముతున్నానని ఆపేశారు. రిపేరు చేసినది అని ఉన్న నిజం రాస్తే, దాన్ని తయారుచేసిన కంపెనీ నుంచి సర్టిఫికెట్ తెమ్మన్నారు, ఆ కంపెనీకే తాళం పడి ఏళ్ళయింది, నేను ఎవరిని అడగను? అవతల మనిషి ఉంటే కదా తిట్టడానికైనా! ఏది రాసినా మిషను ఒకటే జవాబు ఇస్తుంది, మీ ఇబ్బంది మాకు అర్థమైంది అని.

అన్నిటికన్నా గట్టి నియమం ఫోను నంబరుది. కొన్నవాడికి మన నంబరు ఇవ్వకూడదు, ఇస్తే రెండోసారి నేరుగా మన దగ్గరే కొంటాడు, సైటుకు కమీషన్ పోతుంది. నంబరు ఇచ్చినట్టు తెలిస్తే ఖాతా మూసేస్తారు.

మన సంఘంలో అందరికీ ఉన్న అలవాటు మీకు తెలుసు, బస్సులో, సంతలో, ఆసుపత్రి దగ్గర ఎక్కడైనా కరపత్రాలు పంచుతాం. నేను మోటారు పంపే ప్రతి పెట్టెలో ఒక కరపత్రం పెట్టేవాణ్ణి. ఒక మధ్యాహ్నం సైటు నుంచి కబురు వచ్చింది, మీ పెట్టెలోని కాగితం ద్వారా కొనుగోలుదారును బయటి వ్యాపారానికి పిలిచారు కాబట్టి మీ ఖాతాను తాత్కాలికంగా ఆపేశాం అని. కొన్నవాళ్ళు ఇచ్చినవి నాలుగేళ్ళు ఒక్కొక్కటిగా కూడబెట్టుకున్న నక్షత్రాలు, మంచి మాటలు అన్నీ ఒక్క దెబ్బతో పోయాయి. షెడ్డులో తొమ్మిది మోటార్లు సిద్ధంగా ఉన్నాయి, మా ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ ఖాతా తెరుచుకోవాలి, నాకు వేరే దారి లేదు.

నా ముఖం చూసి మార్త బయటికి వచ్చింది. "ఏందయ్యా, ఏమైంది?"

"పెట్టెల కరపత్రం పెడ్తున్న కదా, గందుకే ఖాతా బంద్ చేసిండ్రు," అన్నాను.

ఆమె నెత్తిన కొంగు కప్పుకుని అక్కడే ప్రార్థన మొదలుపెట్టింది, సాయంత్రానికి పాస్టరయ్యకు తెలిసింది, ఆయన వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "జకర్యా, సువార్త కోసం నీ బువ్వ పోయింది, గిది చిన్న సంగతి కాదు, సంఘమంత నీతోని ఉంటది," అన్నారు. మూడు రోజుల ఉపవాస ప్రార్థన ప్రకటించారు! అరటిపండ్లు పట్టుకుని మా ఇంటికి వచ్చినవాళ్ళు ఎందరో, నన్ను చూసి కళ్ళు తుడుచుకున్నవాళ్ళు ఎందరో. సిగ్గు విడిచి చెప్తున్నాను సహోదరులారా, అది నాకు ఎంతో బాగుండింది.

ఎందుకు సిగ్గు అంటే, నేను చెప్పింది సగం. మన కరపత్రాలు ప్రెస్సు నుంచి వచ్చేటప్పుడు వెనక వైపు అడుగున "మరిన్ని వివరాలకు" అని వేసి కింద ఖాళీ ఉంటుంది, అక్కడ సంఘం ముద్ర వేసుకోవాలి. నేను తీసుకున్న కట్టకు ముద్ర వేసి లేదు. నేను నా షెడ్డు ముద్ర తీసి, ఆ ఖాళీలో నా దుకాణం పేరు, నా నంబరు వేశాను! పొరపాటున ఒకటి రెండు కాదు, కట్ట మొత్తం, కూర్చుని తీరికగా వేశాను. సైటు తరఫున పెట్టెలు విప్పి చూసేవాడు దేవుని కాగితం అనుకుని వదిలేస్తాడు, కొన్నవాడు నాకు నేరుగా ఫోను చేస్తాడు, కమీషన్ మిగులుతుంది, ఇదీ నా తెలివి. రక్షణ గురించి చదివి వివరాలు కావాలనుకున్నవాడు మోటార్ వైండింగ్ షెడ్డుకు ఫోను చేయాలి! ఆ సైటు నన్ను వంద సార్లు అన్యాయంగా ఏడిపించింది, కానీ ఆ ఒక్కసారి మాత్రం తప్పు నాదే.

ఉపవాసం మొదటి రోజు నేను కూడా తినలేదు, గట్టిగా ప్రార్థన చేశాను. రెండో రోజు వెనక వరుసకు జరిగి కూర్చున్నాను. మూడో రోజు మధ్యాహ్నం మన కరుణమ్మ పెద్దమ్మ వచ్చింది, ఆమె పాశమైలారంలో ఒక కంపెనీలో ఊడ్చే పని చేస్తుందని మీకు తెలుసు, పొద్దుటి షిఫ్టు దిగి, నీళ్ళు మాత్రం తాగి, నేరుగా మందిరానికి వచ్చి నా పక్కన మోకరించింది. "ప్రభువా, ఈ బిడ్డ నీ పేరు చెప్పినందుకు దెబ్బ తిన్నడు, నేనైతే బతుకంత ఊడ్చుడే చేసిన, నీ పేరు ఒక్కనికన్న చెప్పకపోతిని, నా పానం తీస్కో, ఈ బిడ్డ ఖాతా తెరువు," అని ఏడ్చింది.

నేను ఇక మోకాళ్ళ మీద ఉండలేకపోయాను. లేచి నిలబడ్డాను, జేబులోంచి కరపత్రం తీసి, వెనక వైపు తిప్పి పాస్టరయ్య చేతిలో పెట్టాను. ఆయన ఏమీ అర్థంకాక పైకే చదివారు, "మరిన్ని వివరాలకు, మోటార్ వైండింగ్ వర్క్స్, అన్ని రకముల పంపులు బాగు చేయబడును." వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ఉన్నదంతా చెప్పేశాను. కరుణమ్మ పెద్దమ్మ లేచి నన్ను కిందికీ మీదికీ చూసి, "మూడు దినాల సంది నా కడుపు మాడ్చితివి కదరా! గీ ముచ్చట మొదటి దినం చెప్తే నీ నోరు పడిపోవునా?" అని అందరి ముందర కడిగేసింది. ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని అక్కడే మళ్ళీ ప్రార్థన చేసింది, ఈసారి ఖాతా మాట ఎత్తలేదు.

ఇంటికి వెళ్ళాక మార్త రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "నాకన్న చెప్పకపోతివి," అని ఒక్క మాట అంది, నాకు పెద్దమ్మ తిట్లన్నీ కలిపినా అంత నొప్పి కలగలేదు. ఆ రోజే సైటుకు నిజం రాసి పంపాను, ముద్ర వేసింది నేనే, కమీషన్ ఎగ్గొట్టడానికే వేశాను, క్షమించండి అని. దేవుడు అద్భుతం చేస్తాడని గట్టిగా నమ్మాను! జవాబు వచ్చింది. మీ నిజాయితీకి ధన్యవాదాలు, మీరే ఒప్పుకున్నందున మీ ఖాతాను శాశ్వతంగా మూసివేస్తున్నాం అని!

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. షెడ్డులో రెంచి విసిరికొట్టాను. "ప్రభువా, గిదేంది? అబద్ధం ఆడితే తాత్కాలికం, నిజం చెప్తే శాశ్వతమా? నీకు న్యాయమేనా?" అని అరిచాను, అది కూడా ప్రార్థనే అనుకుంటాను. నా బావమరిది ఫోను చేసి, "నా పేరు మీద ఇంకో ఖాతా తెర్వు బావా, ఎవనికి తెలుస్తది?" అన్నాడు, నిజం చెప్తున్నాను, నోట్లో నీళ్ళూరాయి, కానీ వద్దన్నాను. ఆ వద్దు అన్న మాట నాది కాదు, నన్ను నేను ఎరుగుదును, అది దేవుడు నా నోట పెట్టిందే. ఇప్పుడు బండి మీద సామాను కట్టుకుని గుమ్మడిదల వైపు పొలాలకు వెళ్ళి బోరు మోటార్లు బాగు చేస్తున్నాను, రాబడి తగ్గింది, ఎండ ఎక్కువైంది.

పోయిన నెల ఒక పొలం గట్టు మీద ఉండగా తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. బేరం అనుకుని, "ఎన్ని హెచ్‌పీ మోటార్ కావాలె?" అన్నాను. అవతల ఒక ఆడమనిషి, భీమవరం దగ్గర నుంచి.

"మోటారు కాదండీ. మా ఆయన వెంకట్రావు గారు చేపల చెరువుకని మీ దగ్గరే కొన్నారండి. ఆ పెట్టెలో ఉన్న కాగితం ఇవాళ దొరికింది. ఆయన ఆసుపత్రిలో ఉన్నారండి, తెలివి లేదు. ప్రార్థన చేస్తారా? మీరు పాస్టర్ గారేనా అండీ?"

అవునంటే ఆమెకు ఎంత ధైర్యంగా ఉండేదో! నా నోటి దాకా వచ్చింది కూడా. "కాదమ్మా," అన్నాను, "నేను మోటార్లు చుట్టేటోన్ని. ఆ నంబర్ నేను నా స్వార్థానికి ఏసుకున్న."

"అయితే మీకు ప్రార్థన రాదా అండీ?" అంది.

"వస్తదమ్మా," అన్నాను. గ్రీజు చేతులతోనే ఫోను చెవికి పెట్టుకుని ఆ గట్టు మీద మోకరించాను, రైతు నా వైపే చూస్తున్నాడు, నాకు పట్టలేదు, నేను ఇంతవరకు ఎవరి కోసమూ అలా ప్రార్థించలేదు, నా కోసం కూడా! దేవునికే మహిమ. ఆయన నన్ను అబద్ధం నుంచి విడిపించాడు, ఆ సైటు మీద కోపం మాత్రం ఇంకా వస్తూనే ఉంది, దాన్ని కూడా ఆయనకే అప్పగించాను. సహోదరులారా, మీలో ఎవరైనా సగం చెప్పి ఆపేసిన మాట ఉంటే, మిగతా సగం ఆయనకు చెప్పండి, ఆయన మిమ్మల్ని తోసేయడు, నన్నే తోసేయలేదు.

నా ఖాతా కోసం మీరు మూడు రోజులు పస్తులున్నారు, మీకు నేను ఋణపడి ఉన్నాను. ఇక దాని కోసం ప్రార్థించకండి. వెంకట్రావు గారికి ఇంకా తెలివి రాలేదు, ఆమె రోజూ ఫోను చేస్తోంది. ఆయన కోసం ప్రార్థించండి.