గౌరి చేసిన రబ్బరు మూత

మా కోడలు గౌరి గురించి చెప్పమంటే వంట గురించో, పూజల గురించో చెబుతానని అనుకుంటారు. ఆ పిల్లకి వంట అంతంతమాత్రం. పూజంటే దణ్ణం పెట్టి లేచిపోవడమే. నేను చెప్పబోయేది మరుగుదొడ్డి గురించి. ముక్కు మూసుకునేవాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడే లేచి వెళ్ళొచ్చు, నాకేం కోపం లేదు.

మాది అమలాపురం. అక్కడి ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. వరండాలో నా గొంతు వినిపిస్తే చాలు, క్లాసులన్నీ గప్‌చిప్. ఇప్పుడు దేశ రాజధానిలో, ద్వారక అనే పేటలో మా అబ్బాయి సుధీంద్ర దగ్గర ఉంటున్నాను. వాడిది గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. గౌరిది కరీంనగర్. గుర్‌గావ్ పక్కనే మానేసర్‌లో కార్లకి రబ్బరు సామాన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో డిజైన్ ఇంజినీరు. కారు తలుపు సందులోంచి వాన నీళ్ళు రాకుండా రబ్బరు పట్టీ ఉంటుంది చూడండి, అలాంటివి గీస్తుంది.

"దానికి కూడా ఇంజినీరింగ్ చదవాలిటే?" అని పెళ్ళికి ముందే అడిగాను.

"మీ కుక్కర్ మూతకు రబ్బరు తీసేసి పప్పు వండుండ్రి అత్తమ్మా, తెలుస్తది" అంది. ఓసి దీని దుంపతెగ, దీనికి నోరుందే అనుకున్నాను. ఆ రోజే నచ్చింది నాకు.

పోయిన చలికాలంలో బాల్కనీలో ఆరేసిన బట్టలు తీస్తూ జారిపడ్డాను. కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక ఎముక అతికిందన్నారు గానీ, చేతికి పట్టు మాత్రం రాలేదు. కాఫీ గ్లాసు ఎత్తినా వణుకే. ఎడమచేత్తో అన్నం తినడం కూడా నేర్చుకున్నాను. అసలు కష్టం బాత్‌రూములో వచ్చింది.

మేముండేది అద్దె ఇల్లు. ఉన్న రెండు బాత్‌రూముల్లో ఒకటి నేలమట్టంగా గొంతుక్కూర్చునేది, నా మోకాళ్ళకి అది కుదరదు. రెండోదాంట్లో కమోడ్ ఉంది. కట్టినవాడెవడో మోజుకొద్దీ విదేశీ సరుకు తెప్పించి పెట్టాడు. కమోడూ, వెనకున్న నీళ్ళ ట్యాంకూ ఒకే ముక్క. ట్యాంకు అడుగున ఒక కన్నం, దానిమీద రబ్బరు మూత. పక్కనున్న పిడి నొక్కితే గొలుసు ఆ మూతని లేపుతుంది, నీళ్ళు బళ్ళున దిగుతాయి, మూత మళ్ళీ కూర్చుంటుంది. మా ఇంట్లో అది కూర్చోవడం మానేసింది. ఏళ్ళ తరబడి నీళ్ళలో నాని వంకర్లు పోయింది. ట్యాంకు నిండదు, నీళ్ళు కారుతూనే ఉంటాయి. వేసవి వస్తే ట్యాంకర్ కోసం కాచుకునే కాలనీలో అంత నీరు వృథా చేస్తే ఎవరూరుకుంటారు? అందుకని ట్యాంకుకి నీళ్ళొచ్చే కుళాయి కట్టేసి, బకెట్‌తో పోసుకుంటున్నారు వీళ్ళు.

బాగానే ఉంది, బకెట్ ఎత్తగలిగినవాళ్ళకి.

ప్లంబర్ రాంబీర్ బజార్లో దొరికే మూతలన్నీ తెచ్చి చూశాడు. ఒకటి కన్నానికి చిన్నది. ఇంకొకటి లోపలి కొక్కేలకి అందదు. "మాతాజీ, యే ఇంపోర్టెడ్ హై, ఇస్కా పార్ట్ నహీ మిల్తా" అని, విదేశీ సరుకు ముక్కలు ఇక్కడ దొరకవని చేతులెత్తేశాడు. పాపం, అతని తప్పేముంది? మొత్తం కమోడ్ మార్చాలంటే నేల పగలగొట్టాలి. కింది ఇంటివాళ్ళ సీలింగ్ అప్పటికే చెమ్మగా ఉంది. ఓనరు ఫోన్‌లో "థోడా అడ్జస్ట్ కర్ లీజియే" అన్నాడు, ఆయన సొమ్మేం పోయింది?

కాబట్టి నేను లోపలి పని కానిచ్చుకుని బయటికొచ్చి కూర్చునేదాన్ని. గౌరి వెళ్ళి బకెట్ నీళ్ళు పోసి వచ్చేది. అది ఊళ్ళో లేని రోజు సుధీంద్ర పోశాడు. కన్నకొడుకైతే మాత్రం? ఆ రోజు నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతికిన మనిషిని. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. నర్సుని పెడదామన్నాడు వాడు. ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి నా దొడ్డి చూడ్డమా? "నోరు మూసుకో" అన్నాను.

పగలు ఇంట్లో నేనొక్కదాన్నే. అప్పుడెలా? ఉపాయం కనిపెట్టాను. నీళ్ళు తాగకపోతే సరి. గౌరి పొద్దున్న వెళ్తూ నా పక్కన నీళ్ళ సీసా పెట్టేది. వాళ్ళు వచ్చే వేళకి దాన్ని బాల్కనీలో కరివేపాకు కుండీలో వంపేసేదాన్ని. పెదవులు ఎండిపోయేవి, నాలుక అంటుకుపోయేది. అయినా ఎవరినీ పిలవక్కర్లేదు కదా అని తృప్తి.

ఆ తృప్తి ఎంతోకాలం నిలవలేదు. మంటతో, చలిజ్వరంతో మంచం పట్టాను. డాక్టరమ్మ మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అంది, నీళ్ళు తాగట్లేదా అని గద్దించింది. నేను గోడ వైపు చూశాను. ఇంటికొచ్చాక గౌరి తిన్నగా బాల్కనీలోకి వెళ్ళి కుండీలో వేలు పెట్టింది. మట్టి బురదబురదగా ఉంది. నా వంక చూసింది.

ఆ వారం సెలవురోజున ట్యాంకు పైపలక తీసి పక్కన పెట్టి, కొలతలు తీయడం మొదలుపెట్టింది. కన్నం ఎంత వెడల్పు, అంచు ఎంత వాలు, కొక్కేల మధ్య ఎంత ఎడం. మోచేతి దాకా చెయ్యి ట్యాంకులో పెట్టుకుని, అక్కణ్ణుంచే సుధీంద్రకి అంకెలు చెబుతోంది.

"ఇదేం పనే, ఇంజినీరు చదివి?" అన్నాను.

"రబ్బరు పట్టీలు గీసుడే కదా అత్తమ్మా నా పని. ఇది గుండ్రంగ ఉన్నది, అంతే ఫరక్."

కొక్కేల ఎడం ఒక్కో కంపెనీ ట్యాంకులో ఒక్కోలా ఉంటుందట. అందుకని మూతకి రెండు చేతులు పెట్టి, వాటిని అటూ ఇటూ జరిపి బిగించుకునేలా గీసింది. ఫ్యాక్టరీలో అనుమతి తీసుకుని అచ్చు చేయించి, మెత్తటి రబ్బరు పోసింది. గట్టిగా కూర్చోవాలని మధ్యలో ఇనప బిళ్ళ కూడా పెట్టింది. ఇంట్లో బిగించాక కారుతోందో లేదో చూడ్డానికి ఏం చేసిందనుకున్నారు? నా పూజ పసుపు డబ్బా తెచ్చి ట్యాంకులో కలిపింది! కింద కమోడ్‌లోకి పచ్చరంగు దిగితే మూత కారుతున్నట్టు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "పసుపు తీసుకెళ్ళి పాయిఖానాలో పోస్తావుటే? శుక్రవారం పూట? మీ కరీంనగర్లో ఇదేనా నేర్పింది?"

"అయ్యో, యాదికి రాలే అత్తమ్మా! రంగు కోసం చూసిన" అని నాలుక్కరుచుకుంది. ఆ నీళ్ళన్నీ తోడించి, కొత్త డబ్బా తెప్పించేదాకా నేను ఊరుకోలేదు. తర్వాత బీట్‌రూట్ తురిమి ఆ రసంతో చూసింది. కింద చుక్క రంగు రాలేదు. మొగుడూ పెళ్ళాం చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టారు.

నేనూ వెళ్ళి పిడి నొక్కాను. సగమే దిగింది. మూత కాస్త లేచి, గుప్పెడు నీళ్ళు వదిలి, దబ్బున కూర్చుంది. మళ్ళీ నొక్కాను. అంతే. నా చేతికి బలం చాలదు. ఎడమచెయ్యి వాడదామంటే పిడి గోడ మూలకుంది, అటు తిరగడానికి మోకాలు ఒప్పుకోదు.

"ఎట్లున్నది అత్తమ్మా?" అంది గౌరి గుమ్మం దగ్గర నిలబడి, కళ్ళు మెరుస్తుండగా.

"బాగుంది" అన్నాను. మరేం చెప్పమంటారు? సెలవులన్నీ ఆ ట్యాంకులోనే గడిపిన పిల్లకి, నీ మూత నాకు లేవట్లేదని చెప్పాలా? పైగా మా ఇళ్ళలో అత్తాకోడళ్ళు మాట్లాడుకునే సంగతులా ఇవి? మా అత్తగారు "అవతలికెళ్ళాలి" అనేవారు, అంతకుమించి ఒక్క మాట నేను ఆవిడ నోట వినలేదు.

దాంతో నా బతుకు ఇంకా అధ్వాన్నమైంది. మూత బాగుపడిందని ఇప్పుడు బకెట్ పోయడానికి ఎవరూ రావట్లేదు. మోకాళ్ళు వంచి, ఎడమచేత్తో మగ్గు తర్వాత మగ్గు పోసేదాన్ని. ఎంత పోసినా అది కదలదు. బకెట్ నీళ్ళు ఒక్కసారిగా పడాలి గానీ, మగ్గులతో అయ్యే పనా? మళ్ళీ నీళ్ళు తాగడం మానేశాను. ఈసారి సీసాని సింకులో వంపుతున్నాను, కుండీ సంగతి గౌరికి తెలిసిపోయింది కదా.

ఒక ఆదివారం పక్క టవర్ నుంచి అన్నపూర్ణేశ్వరి వచ్చింది. మా వైపు మనిషే, కాకినాడ. వాళ్ళ ట్యాంకూ ఇలాగే కారుతోందని తెలిసి గౌరే రమ్మంది. చేతులు జరుపుకుంటే ఆ మూత ఎవరి ట్యాంకుకైనా పడుతుందట. అన్నపూర్ణేశ్వరి లోపలికెళ్ళి పిడి నొక్కింది. నీళ్ళ మోత హాల్లోకి వినిపించింది. ఆవిడ మెరుస్తున్న మొహంతో బయటికొచ్చింది.

"అబ్బ! ఎంత బాగా చేసిందండీ మీ కోడలు! ఛాయాదేవిగారూ, ఇంక మీకు రాణీభోగమే. హాయిగా ఉందా?"

నేను కాఫీ కప్పు కింద పెట్టాను.

"చెప్పుండ్రి అత్తమ్మా" అంది గౌరి నవ్వుతూ. "వాడేది మీరే కదా."

గొంతెండిపోయి ఉన్నానేమో, పొద్దుట్నుంచి ఉగ్గబట్టుకుని కూర్చున్నానేమో, ఇంక ఆగలేకపోయాను. "ఏం చెప్పమంటావే? నా చేతికి అది లేవదు! ఆవిడ నొక్కితే లేస్తుంది, నువ్వు నొక్కితే లేస్తుంది. నేను నొక్కితే వెక్కిరించినట్టు కాస్త లేచి కూర్చుంటుంది. మగ్గుతో పోసుకుని చస్తున్నాను!"

అన్నపూర్ణేశ్వరి చీర కొంగు సర్దుకుంది. "మరి చెప్పలేదేంటమ్మా?" అన్నాడు సుధీంద్ర.

"ఏవని చెప్పనురా? సిగ్గూ ఎగ్గూ ఉండక్కర్లా?" ఆ మాటతో నాకు ఏడుపొచ్చేసింది. అంతమందిలో ఏడ్చానని మళ్ళీ కోపం వచ్చింది.

గౌరి మొహం ఎర్రబడింది. నొచ్చుకుందనే అనుకున్నాను. కానీ అది లేచి వచ్చి నా భుజం పట్టుకుంది. "తప్పు నాదే అత్తమ్మా. నా చేతితోని చూసిన గానీ, మీ చేతితోని చూడలే. రాండ్రి, ఎట్ల ఒత్తుతున్నరో చూపియ్యుండ్రి."

అత్తా కోడలూ బాత్‌రూములో, ట్యాంకు పలక తీసేసి! మా అత్తగారు చూస్తే మూర్ఛపోయేవారు. నేను పిడి మీద రెండు వేళ్ళు వేశాను. గౌరి వంగి లోపలికి చూస్తోంది. "మళ్ళొకసారి. బలం పెట్టకుండ్రి, మీకు నొప్పి లేకుండ ఎంత దిగుతదో అంతే." చాలాసేపు అలా నొక్కించుకుని, మూత ఎంత లేస్తోందో వేలితో కొలుచుకుంది.

నేనూ వంగి చూశాను. గొలుసు తీసుకెళ్ళి సరిగ్గా మూత నడిమధ్యన తగిలించింది. "ఇదేంటే? అట్టుని మధ్యలో పట్టుకుని లేపుతావుటే? అంచు నుంచి కదా లేపేది" అన్నాను.

గౌరి తలెత్తి చూసింది. ఫక్కున నవ్వేసింది. "గదే అత్తమ్మా! అంచు లేస్తే సాలు, నీళ్ళు జొరబడి బరువు ఇడుస్తది. దానికి తోడు ఆ ఇనప బిళ్ళొకటి పెట్టిన, అది దండుగ. పైన నీళ్ళ బరువుకే మూత కూసుంటది." ఆ బాత్‌రూములోనే నాకూ నవ్వొచ్చింది. బయట అన్నపూర్ణేశ్వరి ఏమనుకుందో ఏమో.

కొత్త మూతకి కొన్ని వారాలు పట్టాయి. ఇనప బిళ్ళ తీసేసింది. గొలుసు కొక్కేన్ని అంచుకి మార్చి, ముందుకీ వెనక్కీ జరుపుకునేలా పెట్టింది. మూత కింద బోర్లించిన గిన్నెలా గుల్ల చేసింది. అందులో గాలి ఉంటుంది, కాస్త లేస్తే చాలు, ఆ గాలి పోయేదాకా మూత దానంతటదే తేలుతుంది. గాలి పోయే కన్నాన్ని చిన్నదీ పెద్దదీ చేసుకోవడానికి చిన్న చక్రం. ఎన్ని నీళ్ళు కావాలో అంతకి తిప్పుకోవడమే. ఈలోగా, నేను ఇంట్లో ఒంటరిగా లేకుండా వాళ్ళిద్దరూ వంతులవారీగా ఇంటినుంచే పనిచేశారు. పిడి నొక్కాల్సి వస్తే గౌరి "అత్తమ్మా, నీళ్ళు తాగుండ్రి, నేనున్న కదా" అనేది. తాగేదాన్ని, గొణుక్కుంటూనే.

శనివారం మధ్యాహ్నం బిగించింది. నన్ను నొక్కమని, చక్రం తిప్పి, మళ్ళీ నొక్కమని, మళ్ళీ తిప్పి. చివరికి "ఇగ ఉత్తగ ఒత్తుడు కాదు అత్తమ్మా. అవసరమైనప్పుడు మీరే పోండ్రి" అని తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

సాయంత్రం కాఫీ తాగాక వెళ్ళాను. పని కానిచ్చుకుని లేచాను. నా చేతికి మళ్ళీ అది లొంగకపోతే ఆ పిల్లకి ఏ మొహంతో చెప్పను? రెండు వేళ్ళు వేశాను. పిడి సగమే దిగింది. అయినా లోపల మూత లేచి తేలింది. నీళ్ళన్నీ ఒక్క ఊపున దిగి, కిందంతా శుభ్రమైపోయింది. మూత మెత్తగా కూర్చుంది, ట్యాంకు నిండి చప్పుడు ఆగిపోయింది. గోడకి ఆనుకుని నిలబడ్డాను. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి, తుడుచుకోలేదు.

"అత్తమ్మా, పోయినయా?" అని బయట నుంచి గౌరి గొంతు.

"పోయాయే" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ముఖం కడుక్కోవాలి, చీర సర్దుకోవాలి. తలుపు వైపు చూశాను. చెయ్యి విరిగిన దగ్గర్నుంచీ ఆ తలుపు దగ్గరగా వెయ్యడమే గానీ గడియ పెట్టుకున్నది లేదు. ఎవరో ఒకరు బకెట్‌తోనో, పిడి నొక్కడానికో లోపలికి రావాలి కదా. వెళ్ళి ఎడమచేత్తో గడియ పెట్టుకున్నాను.

"అయ్యో, గడియెందుకు పెట్టుకున్నరు అత్తమ్మా? పడితే ఎట్ల?"

"పడనే. ఇంక ఎవరూ లోపలికి రానక్కర్లేదు గదా. నువ్వు అవతలికి పో, నా తల్లి కదూ."

"సరే అత్తమ్మా" అంది. చెప్పులు టపటపలాడించుకుంటూ హాల్లోకి వెళ్ళిపోయింది.